కుట్టు టీచరమ్మ తెచ్చిన బండి

1968లో విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర నాకో చిన్న రేకుల షెడ్డు ఉండేది. మోటారు సైకిళ్లు బాగుచేసేవాణ్ణి. అప్పట్లో ఊళ్లో బళ్లే తక్కువ. చప్పుడు విని ఏది ఎవరిదో చెప్పేసేవాళ్లం.

ఆ వేసవి మొదట్లో ఒకనాడు ఎడ్లబండి మీద ఓ పాత మోటారు సైకిలు వచ్చింది. దానితోపాటు వచ్చినావిడ చేతికర్ర ఊతంతో దిగారు. అప్పలనాయుడు మాస్టారి భార్య, సింహాచలమమ్మ గారు. ఏడేళ్ల కిందట గజపతినగరం రోడ్డులో ఆలుమగలిద్దరూ ఆ బండి మీంచి పడ్డారు. ఆవిడ ఎడమ కాలు విరిగింది, సరిగ్గా అతకలేదు. మలుపులో జోరుగా తిప్పానని మాస్టారు తనే అందరితో చెప్పుకున్నారు. ఆ రోజునుంచి బండిని పశువులశాలలో పడేసి మళ్లీ ముట్టుకోలేదు.

"గజపతినగరం మహిళా మండలిలో నన్ను కుట్టు టీచరుగా ఏసినారు బాబూ. బస్సు మెట్టు ఎక్కలేకపోతన్నాను. దీని ఎనక సీటైతే కూకోగలను. ఒకటో తారీకుకి సేరకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతాది," అన్నారావిడ.

"మాస్టారు ఒప్పుకున్నారా అమ్మా?"

"ఆయనకి సెప్పనేదు. శాల మూలకి ఆయన తొంగైనా సూడరు. ముందు నువ్వు బాగు సెయ్యి."

వెనక చక్రం కదలడం లేదు. తుప్పేమో అనుకుని చైను కవరు విప్పాను. చైను తెగి, చక్రానికీ ఫ్రేముకీ మధ్య ఉండచుట్టుకుని బిగుసుకుపోయి ఉంది. చైను రెండు కొసల్నీ కలిపే లింకుకి చిన్న క్లిప్పు ఒకటి ఉంటుంది. దాని తాళం అదే. ఆ క్లిప్పు లేదు.

వాళ్లు పడడానికి వారం ముందు, నేను ఇంకొకరి దగ్గర పనిచేస్తున్న రోజుల్లో, సాగిన ఆ చైనులో ఒక లింకు తీసి కలిపింది నేనే. కొత్త క్లిప్పు దొరకలేదు. పాతదాన్నే పటకారుతో నొక్కి పంపేశాను.

చైనుని గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, మిగతా పనిలో పడ్డాను. ఇంజనులో పట్టేసిన పిస్టను మీద ప్లగ్గు కన్నంలోంచి కిరసనాయిలు పోసి మూడు రోజులు నానబెట్టాను. ట్యాంకులో గులకరాళ్లు వేసి తుప్పు రాలేదాకా ఊపాను. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్‌లో జిగురు గడ్డకట్టి ఉంటే సూదితో గీకాను. కొత్త క్లిప్పుతో కొత్త చైను తెప్పించాను. అలా పది రోజులు గడిచాయి. పదకొండో రోజున ఆవిడ చూడ్డానికి వచ్చినప్పుడు గుడ్డ విప్పి జరిగింది చెప్పాను.

ఆవిడ చైనుని మళ్లీ గుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. "ఈ మాట నాకు కాదు, ఆయనకి సెప్పాలి. నడు," అన్నారు.

మాస్టారు అరుగు మీద బడిపిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నారు. చైను చేతికిచ్చి, క్లిప్పు లేని లింకు చూపించి, దాన్ని కలిపింది నేనేనని చెప్పాను.

"ఈ లింకు నువ్వేసిందేనా?"

"నేనేసిందే మాస్టారూ. క్లిప్పు ఊడి సైను తెగింది, సక్రం పట్టేసింది. మీరెంత నెమ్మదిగా ఎళ్లినా పడిపోయేవోరే."

మాస్టారు, తన భార్య కాలువైపు చూసి తలదించుకున్నారు. అలాగే అడిగారు. "ఇది ఎప్పుడు సూసినావు?"

"బండొచ్చిన రోజే."

"మరి ఇన్నాళ్లూ సెప్పలేదేటి?"

"భయమేసింది మాస్టారూ."

ఆయన మళ్లీ పుస్తకాలు అందుకున్నారు.

మర్నాడు బడికి వెళ్లేముందు షెడ్డుకొచ్చి, "క్లిప్పు నేనేస్తాను. ఎలాగో సూపించు," అన్నారు. మూసి ఉన్న కొస చైను పరుగెత్తే వైపుకి ఉండాలని చూపించాను. ఆయన నొక్కి, గోటితో లాగి చూసి, మళ్లీ నొక్కారు. ఐదో కిక్కుకి ఇంజను అందుకుంది. ఆయన మొహంలో నవ్వు రాలేదు గానీ, హ్యాండిలు మీంచి చెయ్యి మాత్రం తీయలేదు.

ఒకటో తారీకు పొద్దున్న ఆ చప్పుడు విని షెడ్డు బయటికొచ్చాను. కర్రని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, మాస్టారి భుజం పట్టుకుని ఆవిడ కూర్చున్నారు. "సైకిలోళ్లు దాటిపోతన్నారు, కాస్త జోరుగా పోనీండి," అంటున్నారు.

తర్వాత చాలా ఏళ్లు ఆ బండి పని నా దగ్గరే జరిగింది. చైను మాత్రం మాస్టారే చూసుకునేవారు. ఎందుకని నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత నా షెడ్డులో పాత క్లిప్పు మళ్లీ వాడలేదు. కానీ నేను నేర్చుకున్నది అది కాదు. పాత క్లిప్పు పెట్టిన రోజున నాకు పని తెలియదు. ఆ పది రోజులూ మాత్రం, ఒక మనిషి తను చేయని తప్పు మోస్తున్నాడని నాకు తెలుసు.