గాలి వేసిన ముగ్గు

రిటైర్మెంటుకూ ఒక పడుచుతనం ఉంటుందని నా నమ్మకం. ఆ రోజుల్లో, అంటే ఆఫీసు బీరువా తాళాలు అప్పగించి ఇంటికి వచ్చిన కొత్తలో, ఏ పనైనా నేను పూనుకుంటేనే పద్ధతిగా జరుగుతుందని అనుకునేవాణ్ణి. డైరీలో రోజూ మొదటి వరుస వాతావరణానిది: ఎండ ఎంత, మబ్బు ఎంత, చివర ‘గాలి నిర్మలం’. (అది ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. కిటికీ అద్దంలోంచి చూసి రాసేవాణ్ణి.)

అప్పుడే, ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలిని మేముండే తమిళ ఊరి బడిలో గాలి కాలుష్యం మీద ఏదైనా కొత్తగా చేసి చూపమన్నారు. తెల్ల అట్ట మీద వాజెలిన్‌తో ముగ్గు వేస్తే కంటికి కనబడదు. వారం వేలాడదీస్తే మసి, దుమ్ము ఆ జిడ్డుకు అంటుకుని ముగ్గు తేలుతుంది. గాలి ఎంత చెడితే ముగ్గు అంత నలుపు. ఇదీ మనవరాలి ఆలోచన. కనబడని ముగ్గును తప్పు లేకుండా వేయగల చెయ్యి మా ఇంట్లో మా ఆవిడది ఒక్కటే. అట్టలు ఎక్కడ కట్టాలన్నది నా శాఖ. ఒకటి బస్టాండు టీ అంగట్లో, ఒకటి బడిలో, ఒకటి ఊరికి దూరంగా వత్తల్‌మలై కొండ మీద చుట్టాలింట్లో కట్టించాను. నాలుగోది మా ఇంటిది. ఎంగిలి చెయ్యి, చెప్పుల దుమ్ము సోకని చోటు చూసి సామి రూములో, దేవుడి పటాల పక్కన కట్టాను. అందరూ భేషన్నారు.

వారం తరువాత అట్టలన్నీ హాల్లో పరిచాం. వత్తల్‌మలై ముగ్గు వెతికితేగాని కనబడలేదు. బడిది బూడిదరంగు, బస్టాండుది నలుపు. మాది కాటుక, ఒక్క మెలిక చెదరలేదు. మా ఆవిడ ముఖం వెలిగిపోయింది.

“చూస్తిరా? అన్నిట్లో మన ఇంటిదే బాగా వచ్చిండేది.”

మనవరాలు నావైపు చూసింది. రోజూ సాయంత్రం తలుపు మూసి నిప్పుల మీద వేసే సాంబ్రాణి, రెండు పూటలా కర్పూరం, ఎప్పుడో పెయింటు పడి బిగుసుకుపోయిన కిటికీ ఒక్కొక్కటే నాకు గుర్తొచ్చాయి. సంగతి తెలిసి ఆవిడ ముఖం మాడిపోయింది. మా సామి రూము బస్టాండుకన్నా అన్యాయమని ఊరంతా చూడాలా, తీసి పారేయమంది. నేను వెంటనే ఇంకో అట్ట మేడ మీద కట్టి మరో వారం చూద్దామన్నాను. (మరునాడే ప్రదర్శన అన్నది మరిచిపోయాను. అధికారులకు ఇలాంటివి తొందరగా తోస్తాయి.)

“అవ్వా, ఇది లేకుంటే నేను పోయేదే లేదు. నీ దగ్గుకు తాత చలి అంటాడు. ఈ ముగ్గు చూసి నువ్వే చెప్పు, చలేనా?” అంది మనవరాలు.

ఆవిడ అట్టను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

“ఇదే ముగ్గు నా లోపల కూడా వేసుంటాది గదే,” అంది మెల్లగా. “ఎత్తుకొని పో. నేనూ వస్తా.”

ప్రదర్శనలో ఆవిడ ఆ అట్ట పక్కనే నిలబడింది. ముగ్గు బాగుందన్న ప్రతి తల్లికీ అది ఎక్కడ వేలాడిందో తమిళంలో తానే చెప్పింది. కొందరు మెచ్చుకోవడం ఆపి, తమ ఇంటి సామి రూముకు కిటికీ ఉందో లేదో గుర్తు చేసుకుంటూ నిలబడిపోయారు. బహుమతి వేరే పిల్లకు పోయింది.

వడ్రంగి వచ్చి మా కిటికీ తెరిచాడు. సాంబ్రాణి ఇప్పుడు శుక్రవారం మాత్రమే, అదీ తలుపు తీసి. దగ్గు చాలావరకు తగ్గింది. డైరీలో వాతావరణం ఇప్పటికీ రాస్తాను. గాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం ఆపి, “ఏమే, ఈ పొద్దు గాలి ఎట్లుంది?” అని వంటింటి వైపు కేకేస్తాను. ఆవిడ ఒకసారి గుండెల నిండా పీల్చి చెబుతుంది. నేను రాసుకుంటాను.