అగ్దాలో విన్న ‘వస్తా’

పారశీక దేశంలో మేము తిరిగిన ఊళ్ళు, ఎక్కిన బస్సులు, తిన్న తిండి, చూసిన మసీదులు అన్నీ నా డైరీల్లో వరసగా ఉన్నాయి. కావలసినవాళ్ళకు అవి చాలు. అగ్దా అనే పల్లె దగ్గరికి వచ్చేసరికి మాత్రం జ్వరం సంగతి, వాతావరణం తప్ప నేను ఇంకేమీ రాసుకోలేదు. అది ఇప్పుడు రాస్తున్నాను.

నా స్నేహితుడూ నేనూ బెంగళూరు బళేపేటలో ఒకే వీధిలో పెరిగాము. పెద్దలు ఎప్పుడో అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. చదువయ్యాక ఇద్దరం ఒకే కార్ఖానాలో గుమాస్తాలుగా చేరాము. యాభైల చివర్లో ఒక ఆదివారం కబ్బన్ పార్కు లైబ్రరీలో పారశీక నగరం ఇస్ఫహాన్ మైదానం బొమ్మ చూశాము. పెద్ద పుస్తకం, రెండు పేజీల నిండా ఒకటే బొమ్మ. ఇసుకరంగు గోడల నడుమ నీలం గుమ్మటం. అతను దాని మీద అరచెయ్యి పెట్టి, “ఈడికి పోవల్లప్పా, మనిద్దురం. ఒగడు ముందు, ఒగడు ఎనక కాదు. ఇద్దురం ఒగేసారి కాలు పెట్టల్ల,” అన్నాడు. నేను సరే అన్నాను. ఆ సరే వెనక నా జీవితంలో ఏడెనిమిదేళ్ళు పోయాయి.

పని పంచుకోవడం మాకు చిన్నప్పటినుంచీ అలవాటే. దారి చూడడం, ఏ ఊరి తరువాత ఏ ఊరో తేల్చడం, పాస్‌పోర్టు ఆఫీసుకు తిరగడం నావంతు. మనుషులతో మాట్లాడడం అతనివంతు. వీపుకు తగిలించుకునే సంచులు మాత్రం ఇద్దరం కలిసే కొన్నాము, పాత సామాన్లు అమ్మే గుజిరీలో. మిలిటరీవాళ్ళు వాడి పారేసినవి, ఉతికినా నూనెవాసన పోలేదు.

ఫార్సీ భాష కోసం జాన్సన్ మార్కెట్ దగ్గరి ఒక ముసలాయన ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఆయన పూర్వులు గుర్రాల వ్యాపారానికి ఇరాన్ నుంచి వచ్చి బెంగళూరులో నిలిచిపోయారు. మాట చివర అచ్చు లేకుండా పలకడం మా నోళ్ళకు చాతకాలేదు. నాన్ అంటే రొట్టె. మేము ‘నాను’ అనేవాళ్ళం. ఆయనకు కన్నడం బాగా వచ్చు; కన్నడంలో ‘నాను’ అంటే నేను.

“రొట్టె అడుగుతున్నారా, మీ పేరు చెప్పుకుంటున్నారా? నాను, నాను అని అంగడి ముందు నిలబడితే, ఎవరయ్యా నువ్వు అంటాడు ఆ రొట్టెలవాడు,” అని నవ్వేవాడు.

“ఆకిలైనోడు అని చెప్తాలే తాతా,” అనేవాడు నా స్నేహితుడు.

నాకు సెలవు ముందే మంజూరైంది. అతనిది తిరస్కరించారు. ఇంట్లో అందరూ, పోయేదుంటే నువ్వు పో, మళ్ళీ ఇస్తారో ఇవ్వరో అన్నారు. నేను పోలేదు. సెలవు రద్దు చేయించుకుని అతనికోసం ఒక ఏడాది ఆగాను. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఒక్కడినే పోవడం అనే ఆలోచనే నాకు రాలేదు.

చివరికి అరవైల మధ్యలో ఒక వానాకాలం పోగానే బయలుదేరాము. బొంబాయిలో ఓడ డెక్కు మీద చోటు, బుషెహర్ రేవు, అక్కడినుంచి బస్సులో షిరాజ్. షిరాజ్‌లో తోటలు, యజ్ద్‌లో ఇళ్ళ కప్పుల మీద గాలిని లోపలికి దింపే మట్టి గోపురాలు. అతను ఎక్కడికి పోయినా పది నిమిషాల్లో ఎవరో ఒకరి భుజం మీద చెయ్యి వేసేవాడు. నేను వెనక నిలబడి సంచులు కాసేవాణ్ణి. ఆ రోజుల్లో నాకంటే సుఖంగా ఉన్నవాడు ఉండడనుకుంటాను.

యజ్ద్ నుంచి ఇస్ఫహాన్ పోయే దారిలో అగ్దా ఉంది. మట్టికోట, పాత సత్రం, చుట్టూ దానిమ్మతోటలు. బస్సు అక్కడ టీకి ఆగేసరికి నాకు ఒళ్ళు తెలియని జ్వరం. మళ్ళీ ఎక్కలేకపోయాను. దానిమ్మలు కోయించుకుంటున్న ఒక తోట యజమాని మమ్మల్ని తన ఇంటికి తీసుకుపోయాడు. ఆయనా భార్యా ఇద్దరే ఉండేవాళ్ళు. లోపలిగదిలో తివాచీ మీద పరుపు వేసి నన్ను పడుకోబెట్టారు.

ఒకటిరెండు రోజులు నా స్నేహితుడు పక్కనే ఉన్నాడు. కాలుగాలిన పిల్లిలా సత్రానికీ ఇంటికీ తిరిగాడు. తరువాత ఒక ఉదయం సత్రం దగ్గర ఒక జర్మన్ జంట వ్యాను ఆపుకున్నారు. ఇస్ఫహాన్ పోతున్నారట. అతను అప్పటికే సంచి వీపుకు తగిలించుకుని నా గదిలోకి వచ్చాడు.

“పండుకోనుండప్పా, లెయ్యొద్దు. ఆ ఊర్లో డాకటరు ఎవరన్నా ఉండాడేమో చూస్తా. వస్తా.”

“తొందరగా రాప్పా.”

“ఊ, వస్తా వస్తా.”

వ్యాను చప్పుడు వినబడకుండా పోయాక ఇంటాయన వచ్చి, మీవాడు ఏమన్నాడు అని అడిగాడు. ముసలాయన నేర్పిన ఫార్సీలో చెప్పాను: “మీ ఆయద్.” అంటే, వస్తాడు.

ఆ ఒక్క మాటను ఆ దంపతులు పట్టుకున్నారు. ఇంటాయన పొద్దు వాలేవేళకు రోడ్డు దాకా నడిచి వెళ్ళి, ఇస్ఫహాన్ వైపు నుంచి వచ్చే ప్రతి బండినీ చూసి వచ్చేవాడు. ఆయన భార్య ఆకుకూరతో కాచిన చిక్కటి చారు నాకు పోసి, ఇంకో గిన్నె నింపి, పైన పళ్ళెం బోర్లించి, పొయ్యి పక్కన పెట్టేది. వచ్చేవాడు ఆకలితో వస్తాడు కదా అనేది. మరునాడు దాన్ని మేకకు పోసి, సాయంత్రం మళ్ళీ నింపేది.

జ్వరం తగ్గింది. లేచి వాకిట్లో కూర్చోగలిగాను. అతను రాలేదు. కబురూ రాలేదు. ఇస్ఫహాన్ అక్కడికి ఒక్క పూట ప్రయాణం. బస్సులు రోజూ పోయేవి, వచ్చేవి. ఇంటాయన దానిమ్మకాయ వలిచి గింజలు నా చేతిలో పోస్తూ నెమ్మదిగా, “ఆయన నిజంగా ఆ మాటే అన్నాడా?” అన్నాడు.

అతన్ని తక్కువగా అనుకుంటారేమోనని నాకు భయం వేసింది. వచ్చిన నాలుగు ఫార్సీ ముక్కలతో చెప్పడానికి పూనుకున్నాను. మా దేశంలో ఇల్లు దాటేవాడెవడూ పోతాను అనడు. పోవడం అనేది చచ్చినవాళ్ళకు వాడే మాట. అందుకని వెళ్ళేవాడు వస్తాను అంటాడు. చుట్టం ఊరికి బయలుదేరినా అంతే, బదిలీ మీద ఇల్లు ఖాళీ చేసినా అంతే, మళ్ళీ ఈ ముఖం చూడనక్కరలేదనుకున్నవాడైనా అంతే. మా ఊళ్ళో ఇంకో భాష ఉంది, అందులోనూ అంతే.

చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను.

ఇంటాయన గింజలు ఏరుతూ, “అయితే ఆయన వెళ్తున్నాననే చెప్పాడు. మేమే తప్పుగా విన్నాం,” అన్నాడు. నా ముఖం చూడలేదు. లోపలికి పోయి భార్యతో ఏదో అన్నాడు. ఆ సాయంత్రం పొయ్యి పక్కన గిన్నె లేదు. అంతవరకూ నాకు ఏడుపు రాలేదు.

ఇస్ఫహాన్ బస్సు నేను ఎక్కలేదు. అక్కడ అతను కనబడితే ఏమనాలో తెలియలేదు, కనబడకపోతే ఆ మైదానంలో ఎందుకు నిలబడాలో తెలియలేదు. యజ్ద్ వైపు పోయే దానిమ్మల లారీలో ఎక్కి వెనక్కి తిరిగాను.

అతను వేసవికి గాని బెంగళూరు రాలేదు. టర్కీ దాకా పోయాడట. వచ్చిన కొన్నాళ్ళకు మా పేటలో తెలుగువాళ్ళు నడిపే చదువుగదిలో తెర కట్టి స్లయిడ్లు చూపించాడు. నేనూ వెళ్ళాను. నీలం గుమ్మటం తెర మీద పడగానే అందరూ అబ్బా అన్నారు. లైబ్రరీ పుస్తకంలో తరువాత అది నేను చూడడం అప్పుడే. తరువాత అగ్దా కోట వచ్చింది.

“ఈడనే మావాడికి జొరం పట్టుకునె,” అని నావైపు చెయ్యి చూపాడు. “భాష తెలీని ఊరు. నేను పక్కన్నే కూచోని, గంజి తాపించి, మనిషిని చేసుకుంటి.”

ముందువరసలో వాళ్ళు తిరిగి నన్ను చూసి నవ్వారు. ఒక పెద్దాయన, “అదృష్టవంతుడివప్పా, ఇట్లాంటి జతగాడు దొరికినాడు,” అన్నాడు. నేను తల ఊపాను.

అందరూ పోయాక తెర మడుస్తుంటే అడిగాను. “గంజి ఎప్పుడు తాపిస్తివప్పా నువ్వు?”

“కథ అన్నాక రవ్వంత ఉప్పూకారం ఉండల్ల గదా. లేకుంటే జనం కూచుంటారా?”

“వస్తానంటివే.”

అతను పెద్దగా నవ్వాడు. “పొయ్యేటోడు వస్తా అనకుండా పోతా అంటాడా? నీకు తెలుగు రాదా ఏంది?”

“నాకు వస్తాదిలే. వాళ్ళకి రాదు గదా. ఆయమ్మ దినామూ నీకు గిన్నె నింపి పెట్టె.”

“ఏ ఆయమ్మ?”

అబద్ధమాడుతున్నాడేమోనని ముఖంలోకి చూశాను. కాదు, నిజంగానే గుర్తులేదు. ఆమె చేతి చారు అతనూ తాగినవాడే. నన్ను వదిలి పోవడానికి ఏదో ఒక కారణం అన్నాళ్ళుగా నేనే అతని తరపున వెతుకుతూ వచ్చాను. ఇక వెతకవలసిన పని లేకపోయింది.

అతను స్లయిడ్లు పెట్టెలో సర్ది మూత వేశాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

“పోనీలేప్పా, అయిందేదో అయిపోయ. మళ్ళా సెలవు దొరికితే సమర్‌ఖండ్ పోదాం. దారి నువ్వే చూడల్ల, నాకు ఆ తెలివి లేదు. ఏమంటావు?”

“చూద్దాంలేప్పా,” అన్నాను.

అతని నవ్వు ఆగింది. చెయ్యి తీసేశాడు. తెలుగు అతనికీ బాగానే వచ్చు. మళ్ళీ ఎన్నడూ అడగలేదు.