రాయి మీద సున్నం

ఈ ఉదయం డబ్బాలో సున్నం కలుపుతుంటే, ఆ తడి ఘాటుకి దేవసహాయం మాస్టారు గుర్తొచ్చారు. రేపు మా బడి పిల్లలు సైకిళ్ళ మీద నూజివీడు కోట గుమ్మం దగ్గర బయలుదేరి, మామిడి తోటల మధ్య బండిబాట పట్టి, ముసునూరు వైపున్న పాత దిగుడుబావి దాకా వెళ్తారు. దారి తప్పకుండా రాళ్ళ మీద బాణం గుర్తులు వెయ్యడం నా పని. చెట్ల మీద ఎందుకు వెయ్యనో చెప్పాలంటే మాస్టారి గురించి చెప్పాలి.

నేను టీచరుగా చేరేనాటికే ఆయన మా బడిలో సోషల్ చెప్పేవారు. నెలకో శనివారం పిల్లల్ని ఆ దారిన తీసుకెళ్ళేవారు. తోడు రమ్మంటే సరదాగా ఒప్పుకున్నాను గానీ, ఆయన నత్తనడక చూస్తే నాకు ఒళ్ళు మండేది. ప్రతి తోట మొదట్లో సైకిల్ దిగి, బెల్లు కొట్టి, లోపలి నుంచి ఎవరో ఒకరు రమ్మని కేకేసేదాకా నిలబడేవారు.

"ఎప్పుడూ చూసే మొహాలే కదండీ మాస్టారూ, ఇంకా అడగడం ఏంటి?" అన్నానొకసారి.

"వాళ్ళ తోటమ్మా. మనం దారినపోయేవాళ్ళం," అన్నారు.

ఒక నెల అలా వెళ్ళినప్పుడు, వెనకబడ్డ ఇద్దరు పిల్లలు దారి తప్పి గంటసేపు తోటల్లో తిరిగారు. నాకు తెలివి తన్నుకొచ్చింది. మళ్ళీ వెళ్ళే ముందు రోజు పొద్దున్నే, ఎవరినీ అడక్కుండా, మలుపు మలుపుకీ ఒక చెట్టు చుట్టూ సున్నంతో పట్టీ గీసుకుంటూ పోయాను. రంగారావు గారి తోటలో మలుపు దగ్గరున్నది పెద్ద రసాల చెట్టు. అదే వారం ఆయన ఎండిపోయిన చెట్లు కొన్ని కలపకి అమ్మారనీ, కొట్టాల్సిన వాటికి సున్నంతో చుట్టూ గీత గీయించారనీ నాకేం తెలుసు? మర్నాడు మేం వెళ్ళేసరికి, కాపు మీదున్న ఆ చెట్టు నేల మీద పడి ఉంది. చుట్టూ పచ్చికాయలు, సొన వాసన. "గుర్తుందని కొట్టామండీ," అంటున్నారు కూలీలు. రంగారావు గారు మొద్దు పక్కన కూర్చుని ఉన్నారు.

నేను గీస్తుంటే ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే గడిచిపోయేది. కానీ నా చెప్పుల మీది సున్నం చుక్కలు మాస్టారి కంట పడ్డాయి. పక్కకి పిలిచి, "మీరే చెప్పాలమ్మా. నేను పక్కనే ఉంటాను," అన్నారు.

చెప్పాను. రంగారావు గారు తిట్టినా బాగుండేది. "మా అమ్మ నాటిందండీ టీచరుగారూ," అన్నారంతే. ఆ సాయంత్రమే బాటకి అడ్డంగా ముళ్ళకంప పడింది. నా మూలంగా పిల్లలకి దిగుడుబావి లేకుండా పోయిందని ఏడ్చాను.

మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాతి శనివారం సైకిల్ వెనక రసాల అంటు కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని కంప దగ్గర దిగి బెల్లు కొట్టారు. "దారి అడగడానికి రాలేదండీ. ఈ మొక్క పెట్టుకోనిస్తారా?" అన్నారు. రంగారావు గారు మనిషి పట్టేంత మేర కంప జరిపారు. కొట్టేసిన మొద్దు పక్కనే అంటు నాటాం.

ఆ వేసవంతా రోజూ సాయంత్రం వెళ్ళి నీళ్ళు పోశాను. బెల్లు కొట్టి, రమ్మనేదాకా నిలబడేదాన్ని. తొలకరి పడ్డాక ఒకరోజు వెళ్తే కంప లేదు. అలవాటుకొద్దీ బెల్లు కొట్టాను. "రండి రండి, పిల్లల్ని కూడా తీసుకురండి," అని లోపలి నుంచి కేక వినబడింది.

మాస్టారు పోయి నాలుగేళ్ళయింది. ఆయన పక్కన పనిచేశానన్న తృప్తి ముందు బాధ చిన్నదైపోయింది. ఇవాళ కూడా తోట మొదట్లో బెల్లు కొట్టి నిలబడ్డాను. రంగారావు గారు కర్ర ఊతంతో వచ్చారు. ఆనాటి అంటు ఇప్పుడు కొమ్మలు వంగేలా కాసింది.

"వంగి వంగి ఆ రాళ్ళ మీద ఎందుకండీ? ఈ చెట్టు మీద గీయండి, అందరికీ కనబడుద్ది," అన్నారు నవ్వుతూ.

కుంచె సున్నంలో ముంచాను. వంగి, ఆ చెట్టు మొదట్లో ఉన్న రాయి మీదే బాణం గీశాను.