బ్యాంకును ఓడించబోయిన నా అధ్యక్షోపన్యాసం

అమెరికాలో మేముండే చాండ్లర్‌లో ఒక ఆదివారం నేను చేసిన ఘనకార్యాన్ని మా ఆవిడ సుజాత ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ కాఫీ కంటే ముందు అందిస్తుంది. ఆవిడ చెప్పే పద్ధతిలో నాకు న్యాయం జరగడం లేదు. అందుకని నేనే చెబుతున్నాను. ఇది సర్వనాశనంతో ముగుస్తుంది, గుండె దిటవు చేసుకోండి.

నాకు అప్పటికే రెండు పాత కోపాలున్నాయి. మొదటిది ఒక అంతర్జాతీయ బ్యాంకు మీద. దేశాలకు దేశాలకే అప్పులిచ్చే రకం బ్యాంకు అది. దాని అప్పుతో నెల్లూరు వైపు ఒక కాలువ తవ్వారు. చుట్టుపక్కల బీడు భూములన్నీ వదిలేసి, ఆ కాలువ చుట్టం చూపుకొచ్చినట్టు సరిగ్గా మా నాన్న నిమ్మతోట నడిమధ్యకొచ్చింది. రెండో కోపం మా తెలుగు సంఘం అధ్యక్షుడు ప్రసాద్ మీద. ఒక ఉగాది సభలో నాకు శాలువా కప్పి, ఫొటో తీయగానే విప్పి తర్వాతి ఆయనకు కప్పాడు. "శాలువాలు తక్కువొచ్చాయన్నా" అన్నాడు. అవి నా దగ్గరికొచ్చేసరికే ఎందుకు తక్కువయ్యాయో ఇంతవరకూ చెప్పలేదు.

ఇలా ఉండగా ఆ బ్యాంకుకు అమెరికా మరింత సొమ్ము ఇవ్వాలా వద్దా అని ఇక్కడి చట్టసభలో ఓటింగు వస్తోందని తెలిసింది. అదే వారం మా చెల్లెలు రమణమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, ఇంకో కాలవంట. ఈ తడవ నా వంతు తోటలో సర్వే రాళ్లు పాతిపోయారు. ఆ బ్యాంకోళ్లకి దుడ్లు పోసేది మీ దేశమేనంట గదా. అడిగేవోడే లేడా ఆడ?"

నేనుండగా లేకపోవడమేమిటి? మర్నాటి నుంచి ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకునేవాళ్లను కూడా వదల్లేదు.

"కాంగ్రెస్‌మన్ ఆఫీస్‌కి కాల్ చేయండి. ఆ బ్యాంకుకి మన టాక్స్ డబ్బు వద్దని చెప్పండి. సిటిజన్‌షిప్ తీసుకున్నది ఎయిర్‌పోర్టులో చిన్న లైన్‌లో నిలబడటానికేనా?"

కొందరు నిజంగానే కాల్ చేశారు. దాంతో ఆ ఆఫీసులో పనిచేసే కావ్య, మా స్నేహితుడి కూతురు, ఆ చట్టసభలో మా ప్రాంతం తరఫున ఓటేసే కాంగ్రెస్‌మన్‌ను మా సంఘం హాలుకు రప్పించింది. కాల్స్ చేయించింది నేనే కనుక సభాధ్యక్షత నాకే దక్కింది.

"అంకుల్, సార్ ఆల్మోస్ట్ 'నో' సైడ్ ఉన్నారు. బట్ ట్వెంటీ మినిట్సే ఉంటారు. మీరు స్ట్రెయిట్‌గా అడిగేయండి, ప్లీజ్."

"అలా అడిగేయడానికి అదేమన్నా బర్గర్ల డ్రైవ్ త్రూనా అమ్మా? సభ అన్నాక ఒక పద్ధతుంటుంది."

ప్రసాద్ కూడా వచ్చాడు. "అన్నా, దీపం, ప్రార్థన, శాలువాలు తీసేద్దాం. ఆయనకి టైమ్ లేదు."

నాకు కుట్ర వాసన కొట్టింది. "నేను అధ్యక్షత వహించే సభకే దీపం గుర్తుకొచ్చిందా నీకు తీసేయడానికి?"

"సరే అన్నా, మీ ఇష్టం" అని నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు గుర్తుంది.

ఆ ఆదివారం ఏసీ గాలికి దీపం వెలగనని మొండికేసింది. ప్రార్థన పాడిన అమ్మాయికి దురదృష్టవశాత్తూ చరణాలన్నీ వచ్చు. వేదిక మీదికి పేరు పేరునా పిలిచి అందరికీ శాలువాలు కప్పించాను. ఎవరిదీ విప్పనివ్వలేదు. ఆరిజోనా ఎండలోంచి వచ్చిన కాంగ్రెస్‌మన్ శాలువాలో, పూలదండలో ఆవిరి కుడుములా ఉడుకుతూ నవ్వాడు.

అప్పుడు నేను మైకు అందుకున్నాను. కాలేజీలో నాకు వక్తృత్వంలో బహుమతులొచ్చాయి. ఎదుటివాడి వాదనను వాడికంటే గొప్పగా చెప్పి, ఆ తర్వాత 'కానీ' అని ఒక్క దెబ్బతో కూల్చాలని మా లెక్చరర్ నేర్పారు. ఒక్కో మాటా ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో చెబుతూ అదే చేశాను. ఆ బ్యాంకు అప్పుతో కాలువ వచ్చిందన్నాను. ఎండిన పొలాల్లో నీళ్లు పారాయన్నాను. ఆడవాళ్లు మైళ్ల దూరం బిందెలు మోసే బాధ తప్పిందన్నాను. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

కావ్య వెనక నుంచి గడియారం చూపించింది. "అంకుల్, ప్లీజ్!"

"ఆగమ్మా, అసలు విషయం ఇప్పుడే వస్తోంది!"

అసలు విషయం కంటే ముందు కాంగ్రెస్‌మన్ లేచాడు. నా రెండు చేతులూ పట్టుకుని "పవర్‌ఫుల్ స్టోరీ, సర్. థాంక్యూ" అన్నాడు. హాలంతా చప్పట్లు. నేను మైకులో "బట్... బట్..." అంటూనే ఉన్నాను. పార్కింగ్ లాట్ దాకా శాలువా ఎగరేసుకుంటూ పరిగెత్తి "బట్!" అని అరిచాను. ఆయన కారు అద్దం దించి చెయ్యూపాడు.

మర్నాడు కావ్య ఫోన్ చేసింది. "అంకుల్, సార్ ఇప్పుడు 'యెస్' వోట్ చేస్తారంట. యువర్ స్పీచ్ చేంజ్‌డ్ హిజ్ మైండ్."

"అయ్యో, నేను వ్యతిరేకం తల్లీ! తోట పోయిన సంగతి చెప్పు ఆయనకి!"

"చెప్పాను అంకుల్. 'అంత లాస్ అయ్యి కూడా బ్యాంక్‌ని ప్రెయిజ్ చేశారు, వాట్ ఎ జెంటిల్‌మన్' అన్నారు."

ఓటింగు జరిగింది. ఆయన యెస్ అన్నాడు. బ్యాంకుకు సొమ్ము వెళ్లింది. నా ఉపన్యాసం వీడియోను సుజాత అప్పటికే కుటుంబం గ్రూపులో పెట్టేసింది. రమణమ్మ ఫోన్ వస్తుంటే ఎత్తడానికి చెయ్యి రాలేదు. చివరికి ఎత్తాను.

"చూశాన్నా నీ వీడియో."

"తిట్టు చెల్లీ. తిట్టాల్సిందే."

"తిట్టేదేంది? నువ్వట్టా చెప్తా ఉంటే, ఆ కాలవేందో తొందరగా వస్తే బాగుండనిపించింది పో నాక్కూడా! అంతలోకే నా చెట్లు గుర్తొచ్చి ఏడ్చాననుకో."

అందుచేత ఈ వ్యాసం చదివే పెద్దలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ శత్రువు గురించీ ఒక్క మంచి మాట, వాదన కోసం కూడా, నా నోటి వెంట రాదు. ఆ బ్యాంకు మళ్లీ సొమ్ము అడిగిన రోజున మీరు కూడా మీ కాంగ్రెస్‌మన్ ఆఫీస్‌కి తప్పకుండా కాల్ చేయండి. ముందు "వద్దు" అనండి. క్షేమసమాచారాలు తర్వాత.