కళ్లు మీ ఊళ్లోనే తెరుస్తాం

2003లో మా శిల్పశాలకు ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టిద్దామని నంద్యాలలో ఒక కంప్యూటర్ సెంటరుకు పోయాను. అప్పటికి నాకు అరవై మూడేళ్లు. విగ్రహాల ఫోటోలు, కొలతలు, రాతి రకాలు అన్నీ వరుసగా రాసుకుని తీసుకుపోయాను. సెంటరు నడిపే కుర్రవాడు చూసి ఇంగ్లీషులో పెడితే చాలన్నాడు. తెలుగుతో పాటు కన్నడం, తమిళం, మరాఠీ కూడా కావాలన్నాను.

"ఏందవ్వా, దేవుళ్లకు గూడా ఇన్ని బాసలు కావల్లనా?" అని నవ్వాడు.

"దేవుళ్లకు వద్దు నాయనా. కొనేటోళ్లకు కావల్ల."

"కంప్యూటర్ ముందర కూసునేటోళ్లకు ఇంగ్లీషు రాకుండా ఉంటాదా? ఊరికే దుడ్లు దండగ."

ఆ భాషల అక్షరాలు కంప్యూటర్లో సరిగా పడవని, బొమ్మల్లాగా అతికించాలని, దానికి వేరే ఖర్చవుతుందని చెప్పాడు. నేను ఖర్చు లెక్క వేసుకునే పోయాను కాబట్టి సరేనన్నాను. ప్రతి భాషలోనూ ధరకన్నా పైన ఒక మాట ఉండాలన్నాను: "విగ్రహానికి కళ్లు మీ ఊళ్లో, మీ ఎదుటే తెరుస్తాం. అంతవరకు కళ్లు గీయం." ఎందుకని అడిగాడు. కౌంటరు ముందు నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది ఆళ్లగడ్డ. శిల్పశాల హైవే పక్కనే. మా ఆయన విగ్రహాలు చెక్కేవాడు. వచ్చినవాళ్లతో మాట్లాడడం, లెక్కలు రాయడం నా పని. విగ్రహమంతా పూర్తిచేసి కళ్లు మాత్రం గీయకుండా వదిలేయడం మా పద్ధతి. ప్రతిష్ఠ రోజు శిల్పి ఆ ఊరికి పోతాడు. అడ్డంగా తెర కట్టి, సన్న ఉలితో కళ్లు తెరుస్తాడు. తెర తీయగానే అమ్మవారి ఎదుట ముందు అద్దం, తర్వాత ఆవూ దూడా, ఆ తర్వాత ఊరి జనం. మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఇది పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు కాబట్టి చెప్పాలన్న ఆలోచనే మాకు రాలేదు.

1995 కార్తీకంలో బళ్లారి అవతలి పల్లె ఒకటి అమ్మవారి విగ్రహం అడిగింది. మాట కుదిర్చింది అవుకు ఊరి లారీ డ్రైవరు ఒకాయన. మిరపకాయల లోడుతో అటు పోయి వచ్చేవాడు. ఆయనకు వచ్చింది సంతలో బేరమాడే కన్నడం. ఆ కన్నడంలో ఎత్తు అడగవచ్చు, రాయి రంగు అడగవచ్చు, ధర, తేదీ అడగవచ్చు. మేమూ అవే అడిగాం. ఎందుకు చేయించుకుంటున్నారని అడగలేదు.

మాకు తర్వాత తెలిసింది ముందే చెబుతాను. విగ్రహం ఖర్చు పెట్టుకున్నది ఒక పెద్దామె. ఆమె కూతురికి ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంటికి ఆపరేషన్ చేయాలన్నారు. ఆ కన్నన్నా నిలబడాలని పెద్దామె మొక్కుకుంది. వాళ్ల ఊళ్లో అప్పటిదాకా ఉన్నది పసుపు పూసిన రాయి, దానికి అతికించిన రెండు వెండి కళ్లు. వాళ్లకు అమ్మవారంటే ముందు కళ్లే.

1996 మాఘంలో, ప్రతిష్ఠకు మూడు రోజుల ముందు, విగ్రహం తీసుకుపోవడానికి వ్యాను కట్టించుకుని వచ్చారు. పెద్దామె, ఆమె తమ్ముడు, ఇంకో ఇద్దరు. మాట కుదిర్చిన లారీ డ్రైవరు రాలేదు, వేరే లోడు మీద పోయాడు. మా ఆయన గోనెపట్ట తీశాడు. నల్లరాతి అమ్మవారు, మూడున్నర అడుగులు. పెద్దామె దణ్ణం పెట్టుకుంటూ దగ్గరికి వచ్చి, ముఖం చూసి ఆగిపోయింది. చేయి చాచి కంటి చోటు తడిమింది. అక్కడ నున్నగా ఉంది.

"కణ్ణు ఎల్లి?" అంది.

కళ్లెక్కడ అని అడుగుతోందని మాకు తెలిసింది. జవాబు చెప్పేంత కన్నడం మాకు రాదు. "కండ్లు మీ ఊర్లో పెడ్తామమ్మా, నేనే వస్తా" అని మా ఆయన తెలుగులో రెండుసార్లు చెప్పాడు. ఆమెకు అర్థం కాలేదని చూసి, తన కళ్ల మీద వేలు పెట్టుకుని, ఇప్పుడు కాదన్నట్టు చేయి ఊపి, ధైర్యం చెబుతున్నట్టు నవ్వాడు. ఆయన నవ్వు మంచి నవ్వు. కానీ కళ్లు లేవని చేయి ఊపి నవ్వే మనిషి ఆమెకు ఎలా కనబడి ఉంటాడో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయి వ్యానులో కూర్చుంది. తమ్ముడు కాసేపు అరిచాడు. ఖాళీ వ్యానుతోనే పోయారు. అడ్వాన్సు తిరిగి అడగలేదు. అదే నాకు భయం పుట్టించింది.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి నంద్యాల పోయాను. అక్కడ నా స్నేహితురాలు ఒకామె జాకెట్లు కుట్టేది. బళ్లారి పిల్ల, నంద్యాల కోడలు. జరిగింది చెప్పాను.

"మీ ఆయప్ప రాళ్లకు నోర్లు చెక్కుతాడు గానీ, ఆయప్పకే నోరు లేదే ఒదినా" అంది.

"ఎగతాళి తర్వాత చేద్దువు గానీ, వస్తావా రావా?"

"పెండ్లి జాకెట్లు తొమ్మిదుండాయి. నువ్వొచ్చి కుడ్తావా?" అని మిషను మీద గుడ్డ కప్పి లేచింది.

మరుసటి రోజు వేరే లారీ మాట్లాడుకుని, ఆ మర్నాడు తెల్లవారుజామున విగ్రహంతో సహా బయలుదేరాం. ప్రతిష్ఠకు ముందురోజు సాయంత్రం ఆ ఊరు చేరాం. పెద్దమనుషులు ముందు లారీని ఆపేశారు. నా స్నేహితురాలు నడి వీధిలో నిలబడి పద్ధతి అంతా కన్నడంలో చెప్పింది. తెర, అద్దం, ఆవూ దూడా, ఒక్కటీ వదలలేదు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని విగ్రహం దించనిచ్చారు. పెద్దామె మాత్రం రాలేదు. నేనూ నా స్నేహితురాలూ ఆమె ఇంటికి పోయాం.

లోపల కూతురు పడుకుని ఉంది. బళ్లారి ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది, కట్టు ఇంకా విప్పలేదు. నా స్నేహితురాలు చెప్పిందంతా పెద్దామె వింది. తర్వాత చాలాసేపు మాట్లాడింది. స్నేహితురాలు నా వైపు తిరిగి, "అర్థమైందంట, బాధ పడొద్దంట" అంది.

"అంతసేపు మాట్లాడింది, ఇంతేనా? ఆమె ఎట్ల చెప్పిందో అట్లే చెప్పు" అన్నాను.

స్నేహితురాలు తలొంచుకుని చెప్పింది. "మీ పద్ధతి మంచిదే అంటాంది. కానీ ఆ పొద్దు ఇంటికొచ్చి, అమ్మవారికి కండ్లు లేవని బిడ్డకు చెప్పేసినా అంటాంది. అప్పట్నుంచి ఆ పిల్ల ముద్ద ముట్టలేదంట. ఇప్పుడు మీరొచ్చి పెడ్తామంటే, నేను అనేసిన మాట యాడ దాచిపెట్టుకోవల్ల అని అడుగుతాంది."

తప్పు మాదేనని చెప్పమన్నాను. మంచం మీద నుంచి కూతురు ఏదో అడిగింది. తెర తీసినప్పుడు ఎదురుగా ఎవరుంటారని అడుగుతోందట. ఆవూ దూడా తర్వాత నువ్వే నిలబడవచ్చని చెప్పించాను.

పొద్దున్నే మా ఆయన తెర వెనక్కి పోయాడు. ఉలి చప్పుడు చాలా సన్నగా వినిపించింది. నేను వీధి వైపే చూస్తున్నాను. కూతురు మేనమామ భుజం పట్టుకుని వచ్చింది. తల్లి రాలేదు. తెర తీశారు. అద్దం చూపారు, ఆవును దూడను నడిపించారు, తర్వాత కంటి కట్టుతో ఆ పిల్ల పోయి అమ్మవారికి ఎదురుగా నిలబడింది.

పోయేముందు పెద్దామెకు చెప్పిరావడానికి ఆగాను. వాకిట్లోనే కూర్చుని ఉంది. నాకు కుంకుమ పెట్టింది. ఈసారి స్నేహితురాలు ఒక్క మాట తగ్గించకుండా చెప్పింది.

"దూరం నుంచి వచ్చేటోళ్లకు ఇంక మీదట ముందే చెప్తావా అంటాంది."

"చెప్తానను."

"మీ బాసలో చెప్తావా, వాళ్ల బాసలోనా అంటాంది."

"వాళ్ల బాసలోనే."

ఆమె తల ఊపి లోపలికి పోయింది.

కట్టు విప్పాక ఆ కూతురికి చూపు ఎంత నిలబడిందో మాకు తెలియదు. ఆ వేసవిలో ఒకటి, శ్రావణంలో ఒకటి, స్నేహితురాలి చేత కన్నడంలోనే రెండు ఉత్తరాలు రాయించాను. జవాబు రాలేదు.