సచ్చిన నీళ్లు

బత్తలపల్లె మండలంలో ఒక ఊరి హైస్కూల్లో నేను భౌతికశాస్త్రం చెప్పే పంతుల్ని. ఆ ఊరి జనం తాగే నీళ్లను పదిరోజుల పాటు చంపేసినవాడు కూడా నేనే అని అక్కడ ఇప్పటికీ అంటారు. అందులో అబద్ధం పెద్దగా లేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

హైదరాబాదులో ఏదో పరిశోధన సంస్థ నుంచి ఒక మేడం రెండేళ్లుగా మా ఊరి బోర్ల దగ్గరికి వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోతుండేది. మలయాళీ ఆవిడ. యాభై దాటి ఉంటాయి. కాళ్లకు గుడ్డ బూట్లు, నెత్తిన టోపీ, భుజాన పెద్ద సంచి. ఊళ్లో అందరూ ఆమెను సీసాల మేడం అనేవారు. ఆ నీళ్లు ఎందుకని ఒక్కరూ అడగలేదు. చివరికి చెప్పాలని ఆమెకే అనిపించింది. ఒకరోజు మా హెడ్మాస్టరు గదిలో కూర్చుని ఇంగ్లీషులో అంది: "వీళ్ల నీళ్ల గురించి ఎక్కడెక్కడో సభల్లో మాట్లాడాను. వీళ్లకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. అది తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంది."

హెడ్మాస్టరు నావైపు చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. ఎన్నికల డ్యూటీకి, జనాభా లెక్కలకు కూడా అలాగే చూస్తాడు. ఆమెకు తెలుగులో 'అవును', 'చాలా', 'మంచిది' అనే మూడు మాటలే వచ్చు. మిగతాదంతా నేను తెలుగులోకి మార్చి చెప్పాలన్నమాట.

జనాన్ని పోగుచేసే పని సర్పంచి తీసుకున్నాడు. చెనక్కాయలు పండించే పెద్ద రైతు ఆయన. ఊళ్లో క్యాన్లతో నీళ్లమ్మే ప్లాంటు కూడా ఆయనదే. ఆటోకి మైకు కట్టించి ఊరంతా చెప్పించాడు: "రేపు సాయంత్రం నాలుగ్గంటలకు ఇస్కూల్లో నీళ్ల గురించి పెద్ద మేడం మాట్లాడతాది, అందరూ రావాల." దాంతో కొత్త బోర్లు శాంక్షన్ అవుతున్నాయని ఊరు ఊరంతా అర్థం చేసుకుంది. మరుసటి రోజు మూడున్నరకే హాలు నిండిపోయింది. చూస్తే ప్రతి ఒక్కరి చేతిలో ఆధార్ జిరాక్సు, పాసుఫోటో ఉన్నాయి. కొందరు పాసుపుస్తకాలు కూడా తెచ్చారు. ఇంతమంది సైన్సు మీద ఆసక్తితో వచ్చారనుకుని మేడం కళ్లు చెమ్మగిల్లాయి. నిజం చెప్పడానికి నాకు మనసు రాలేదు.

గోడమీద బొమ్మలు కనిపించాలని కిటికీలకు దుప్పట్లు కట్టాం. మేడం ఒక గాజు జాడీలో కంకర పోసి, నీలం సిరా కలిపిన నీళ్లు పైనుంచి కొద్దికొద్దిగా వదిలింది. నీళ్లు రాళ్ల సందుల్లోంచి ఎట్లా దిగుతాయో చూపించింది. ఆమె ఒక వాక్యం చెప్తే నేను రెండు చెప్పాను. జనం తలలూపారు. నాకు హుషారు ఎక్కువైంది. క్లాసులో ఇరవై ఏళ్లుగా ఎవరూ అట్లా తల ఊపలేదు నాకు.

సరిగ్గా అప్పుడు ఆమె ఒక మాట అంది. "మీరు లోతు బోర్ల నుంచి తోడుతున్నది ఫాసిల్ వాటర్."

ఫాసిల్ అంటే శిలాజం, అది నాకు తెలుసు. శిలాజ జలం అందామనుకున్నాను. కానీ ముందు వరసలో కూర్చున్న అవ్వను చూస్తే ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. ఆ అవ్వ గొర్రెల కాపరుల ఇంటి పెద్ద. డెబ్బై దాటినా మందతో పాటు ఆరేడు మైళ్లు నడిచే మనిషి. నడుముకు పైట బిగించి, నా నోటినే చూస్తోంది. ఆమెకు అర్థమయ్యేట్టు చెబుదామని మొదలుపెట్టాను.

"ఎప్పుడో వేల ఏళ్ల కిందట చచ్చిపోయిన జంతువులు రాళ్లల్లో ఉండిపోతాయి కదా. మన బోరు నీళ్లు అట్లాంటివి."

 అవ్వ లేచి నిలబడింది.

"ఏమి సామీ, మేము సచ్చిన నీళ్లు తాగుతాండామా?"

మేడం నన్ను అడిగింది, ఆవిడేం అంటోందని. అక్కడే నేను రెండో తప్పు చేశాను. ఈ గండం ఎట్లాగో దాటేద్దామని, "నీళ్లు నిజంగా అంత పాతవా అని అడుగుతోంది" అన్నాను. మేడం ముఖం వెలిగిపోయింది. ఇంత మంచి ప్రశ్న వేసిన అవ్వ దగ్గరికి స్వయంగా నడిచి వెళ్లి, రెండు చేతులూ పట్టుకుని, తనకు వచ్చిన తెలుగంతా వాడేసింది.

"అవును. చాలా, చాలా. మంచిది."

సభ అక్కడితో ముగిసింది. ఆధార్ జిరాక్సులు ఎవరికివ్వాలని నలుగురైదుగురు అడిగారు, అంతే. మేడం జీపెక్కుతూ, తన జీవితంలో ఇంత శ్రద్ధగా విన్న జనాన్ని చూడలేదని అంది.

మరుసటి రోజు పొద్దున నా భార్య కుళాయి దగ్గరికి పోయి ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. నీళ్లు రాక కాదు. అక్కడ ఒక్కరూ లేరట. బాగా వస్తున్న కుళాయి దగ్గర ఒక్కతే నిలబడడానికి భయమేసి వచ్చేసింది.

"ఊరంతా పొలాల్లో పాతబావికి పోతోంది. మీరేం చెప్పారు నిన్న?"

"సైన్సు చెప్పాను."

"ఇంకెప్పుడూ చెప్పకండి."

బడికి పోతే మధ్యాహ్నం వంట చేసే ఆయమ్మ కూడా అదే పట్టు పట్టింది. "పిల్లోళ్లకు పీనిగ నీళ్లతో అన్నం వండి పెట్టమంటారా సార్? నా చేత కాదు" అని గరిటె కింద పెట్టేసింది. మా పిల్లలు సీసాలతో పాతబావి నీళ్లు తెచ్చుకున్నారు. అందులో కప్పపిల్లలు ఈదుతున్నాయి. ఇవి బతికున్న నీళ్లు సార్ అని ఏడో తరగతి అమ్మాయి నాకు చూపించింది. నేను అందరినీ వరండాలో కూర్చోబెట్టి, ఆ నీళ్లు మరిగించి వడగట్టి ఇచ్చేదాకా గ్లాసు ముట్టనివ్వలేదు. ఆ రోజు మొదలు పదిరోజులు మా లాబొరేటరీ స్టవ్వు ఆ పనికే సరిపోయింది.

ఇంటింటికీ తిరిగి చెప్పి చూశాను. నీళ్లు చావవని, నీళ్లకు ప్రాణం ఉండదని చెప్పాను. ప్రాణం లేకపోతే సచ్చినట్టే కదా సార్ అన్నారు. 

వారం తిరిగేసరికి సర్పంచి మైసూరుపాకు డబ్బాతో మా ఇంటికొచ్చాడు. కుర్చీలో చేరగిలబడి చాలా ఆప్యాయంగా మాట్లాడాడు.

"ఆ మేడం బలే మనిషి సార్. నెలకొక తూరి పిలిపిద్దామా? మన ప్లాంటు దగ్గర జనం ఎట్ల నిలబడుకోనుండారో చూసినావా?"

"అన్నా, నీ ప్లాంటుకు నీళ్లు యాడి నుంచి వస్తాయి?"

"బోరు నుంచే సార్."

"ఎంత లోతు బోరు?"

ఆయన మైసూరుపాకు డబ్బా నావైపు ఇంకొంచెం జరిపాడు. "తిను సార్. ఆ మాట యాడా ఎత్తబాకు."

ఊళ్లో అన్నిటికన్నా లోతైన బోరు ఆయనదే. అంటే జనం సచ్చిన నీళ్లని వదిలేసి, ఇంకా ముందే చచ్చిన నీళ్లను దుడ్లు పెట్టి కొనుక్కుంటున్నారు. ఆ సంగతి బయటపెడితే సర్పంచితో తగాదా. ఆయన మా బడి కమిటీలో కూడా ఉన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ధైర్యం చాలలేదు. మైసూరుపాకు కూడా తిన్నాను.

మేడానికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. మొదట ఆపకుండా నవ్వింది. పిల్లలు కప్పపిల్లల నీళ్లు తెచ్చుకుంటున్నారని చెప్పగానే నవ్వు ఆగిపోయింది. "వచ్చే ఆదివారం వస్తాను. ఆ లోపల మీరు ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్లండి. ఊరికి కాదు, ఆవిడ ఒక్కదానికి చెప్పండి" అంది.

అవ్వ దొడ్లో గొర్రెపిల్లకు పాలు పట్టిస్తోంది. నేను పక్కన రాయి మీద కూర్చుని, ఈసారి జంతువుల జోలికి పోకుండా మొదలుపెట్టాను. ఎప్పుడో మన తాతల తాతలు కూడా పుట్టకముందు కురిసిన వాన అది, చుక్కాచుక్కా బండల సందుల్లోకి దిగి అక్కడే ఉండిపోయింది, ఎండ తగల్లేదు, గాలి తగల్లేదు అన్నాను.

అవ్వ గొర్రెపిల్ల మూతిని తుడిచి అడిగింది. "మనిషి చెయ్యి తగల్లేదా?"

"లేదవ్వా."

"ఎవురూ ఎంగిలి చేయలేదు?"

"ఎవరూ లేరు కదా అప్పుడు."

అవ్వ నావైపు చూసింది. జాలి, కోపం రెండూ ఉన్నాయి ఆ చూపులో. "ఈ మాట ఆ పొద్దే చెప్పింటే సరిపోయేది కదప్పా. సదువుకున్నోడివి, నోరు తిరగలేదా నీకు?"

ఆ సాయంత్రమే ఆమె బిందె తీసుకుని కుళాయి దగ్గరికి పోయింది. ఎంగిలి కాని నీళ్లు, దేవుడి పూజకు కూడా ఇంతకు మించిన నీళ్లు లేవని అందరి ముందూ చెప్పి దోసిలితో తాగిందట. నా భార్య చెప్పింది. మూడోరోజుకు గుడి పూజారి ఆ నీళ్లతోనే అభిషేకం మొదలుపెట్టాడు. ఐదోరోజుకు ధర్మవరంలో ఉండే చుట్టాలకు క్యాన్లు పోతున్నాయి. పక్క ఊళ్ల నుంచి మోటారు సైకిళ్లకు బిందెలు కట్టుకుని వచ్చారు. పొద్దున ఆరింటికి విప్పిన కుళాయి ఏడున్నరకే గాలి ఊదడం మొదలుపెట్టింది. నీళ్లను బతికించానని సంబరపడుతున్న నాకు, ఇప్పుడు వాటిని తోడి తోడి ఖాళీ చేయిస్తున్నానని అర్థమైంది. ఆ నీళ్లు పొదుపుగా తోడాలని మేడం అసలు చెప్పాలనుకుంది, జరిగింది దానికి సరిగ్గా ఎదురు.

ఆదివారం ఆమె పొద్దున్నే దిగింది. ఈసారి నన్ను నమ్మలేదు, నమ్మమని నేనూ అడగలేదు. అవ్వను బడికి పిలిపించి స్టాఫ్ రూములో కూర్చోబెట్టాం. మేడం ఒక వాక్యం చెప్తుంది, నేను తెలుగు చేస్తాను, అవ్వ వింటుంది. అవ్వకు నచ్చితే ఉంచాలి, లేకపోతే మార్చాలి. భూగర్భజలం అన్నాను. అట్లంటే ఏమని అడిగింది. అడుగు నీళ్లు అన్నాను, సరే అంది. పునరుద్ధరణ అన్నాను. నా వైపు తిరిగి కూడా చూడలేదు. "మళ్లీ ఊరడం" అని తనే చెప్పింది. మధ్యాహ్నానికి నా తెలుగులో సగం కొట్టేసింది. బీఈడీలో కూడా నా పాఠాన్ని ఎవరూ అంత గట్టిగా దిద్దలేదు.

రెండో సభకు జిరాక్సులు లేకుండా వచ్చారు జనం. కొంచెం తక్కువమందే వచ్చారు కానీ, వచ్చినవాళ్లు నీళ్ల కోసమే వచ్చారు. సర్పంచి ముందు వరసలో కూర్చున్నాడు. మేడం ఊరి పటం గోడమీద చూపించి, ఏ బోరు నీళ్లు ఎంత పాతవో వరసగా చెప్పుకుంటూ పోయింది. ఆమెకు ఊరి రాజకీయం ఏం తెలుసు? పటంలో ఒక చోట వేలు పెట్టి, "అన్నిటికన్నా లోతైనవి, అన్నిటికన్నా పాతవి ఇక్కడివి. ఈ క్యాన్ల ప్లాంటు నీళ్లు" అంది.

నేను 'అన్నిటికన్నా పాతవి' దాకా తెలుగులో చెప్పి, ఎవరివో చెప్పడానికి తటపటాయించాను. మేడం వేలు పెట్టిన చోటు గుర్తుపట్టిన అవ్వ సర్పంచి వైపు తిరిగి, "మీ బోరే అంట నాయనా, అన్నిటికన్నా పాతవి" అని ఆ పని పూర్తిచేసింది.

పదిరోజులు ఆయన దగ్గర క్యాన్లు కొన్నవాళ్లంతా ఒకేసారి కదిలారు. సర్పంచి లేచాడు. గొడవ పెట్టుకుంటాడేమో అనుకున్నాను. మూడుసార్లు గెలిచిన మనిషి మరి.

"నేను మొదటి నుంచి చెప్తాండేది అదే కదప్పా. మన ప్లాంటు నీళ్లంత ఎంగిలి కాని నీళ్లు ఈ మండలంలో యాడా లేవు."

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి కూర్చున్నాడు. మేడానికి ఆ నవ్వు ఎందుకో అర్థం కాలేదు. ఎవరో ఏదో అన్నారులెండి అని చెప్పాను. అబద్ధాలు చెప్పడంలో అప్పటికి నాకు చెయ్యి తిరిగింది.

తర్వాత అవ్వే అడిగింది, ఆ ప్రశ్న మేం స్టాఫ్ రూములో రాసుకున్నది కాదు. "ఇన్ని ఏండ్లు దాచిపెట్టుకున్న నీళ్లు తోడేస్తే, మళ్లీ ఎప్పుడు వస్తాయమ్మా?"

మేడం ఈసారి నెమ్మదిగా, చిన్న మాటల్లో చెప్పింది. నేను ఒక్క అక్షరం కలపలేదు, తీయలేదు.

"పై నీళ్లు వాన పడితే వస్తాయి. ఆ లోతు నీళ్లు మన కాలంలో రావు. మన మనవళ్ల కాలంలో కూడా రావు."

 ఒక రైతు, పోయిన ఏడాది మూడు బోర్లు వేసి మూడూ ఎండిపోయినవాడు, తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఇంకెవరో కొత్త బోర్ల సంగతి ఎత్తబోయి ఊరుకున్నారు.

ఆ సభ వల్ల మా ఊరు మారిపోయిందని రాస్తే మీరు నమ్మొద్దు. పొరుగూళ్ల బిందెలు ఆపడానికి కుళాయికి వేళ పెట్టారు. బడి వెనక వంకలో వాన నీళ్లు నిలవడానికి ఉపాధి పనుల్లో మూడు గుంతలు తవ్వించారు. సర్పంచి ప్లాంటు రోజూ నడుస్తూనే ఉంది. పాతబావి దారి మాత్రం మళ్లీ ముళ్లకంపతో మూసుకుపోయింది.

నెల తర్వాత మేడం కన్నడ సరిహద్దులో ఉన్న విడపనకల్లులో ఇలాంటి సభే పెట్టుకుంది. తెలుగు చేయడానికి మనిషి కావాలని ఫోన్ చేసింది. నేను సెలవు పెట్టడానికి సిద్ధమై, ఎన్నింటికి రావాలని అడిగాను. ఆమె కాస్త ఇబ్బందిపడి, స్టాఫ్ రూములో దిద్దిన తెలుగు మాటలు తనకిప్పుడు కొద్దికొద్దిగా వచ్చునని, అడుగుతున్నది నా కోసం కాదని చెప్పింది.

అవ్వ జీపులో ముందు సీట్లో కూర్చుని పోయింది. ఆ రోజంతా గొర్రెలను నా భార్య, నేను చూసుకోవలసి వచ్చింది. రెండు తప్పిపోయి కందిచేనులో పడితే మాటలు కూడా పడ్డాం. చీకటి పడకముందే జీపు దిగిన అవ్వ నేరుగా దొడ్లోకి వచ్చి, మందను లెక్కపెట్టుకుని, నా పక్కన కూర్చుంది.

"ఎట్లా జరిగిందవ్వా?"

"ఆ ఊరోళ్లు సగం కన్నడం మాట్లాడతారప్పా. మేడం చెప్పిండేది నాకు సగం అర్థమయ్యె, నేను చెప్పిండేది వాళ్లకు సగం అర్థమయ్యె."

"మరి వాళ్లకేం అర్థమైంది?"

"ఏమో సామీ," అంది అవ్వ, కాళ్లు చాపుకుంటూ. "వచ్చేటప్పుడు మా ఇద్దరికీ కొబ్బరికాయ కొట్టినారు."