వేడయ్యే జీపు

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం అనుకోకండి. ఫోను అందరి చేతిలో ఉండి, సిగ్నల్ ఎవరి చేతిలోనూ లేని రోజులు. డేటా అగ్గువకే వచ్చేది గాని, దాన్ని ఖర్చు పెట్టుకోవడానికి మా అడవిలో చోటు దొరికేది కాదు. ఇప్పుడు టీవీలో కూర్చున్న పెద్దమనుషులు వీడియో గేములాడి కుర్రాళ్ళు చెడిపోతున్నారని తెగ బాధపడుతుంటే నాకు నవ్వొస్తుంది. నేను ఆ గేములు పుట్టకముందే చెడిపోయినవాణ్ణి. తొమ్మిదో తరగతిలో లెక్కల సారూ నేనూ ఇక ఒకరి ముఖం ఒకరం చూడలేమని ఒప్పందానికి వచ్చాం. ఆయన బడిలో ఉండిపోయాడు, నేను బయటికొచ్చేశాను. (ఇద్దరిలో ఎవరు బాగుపడ్డారో ఇంకా తేలలేదు.) బొగ్గుబాయిలో పనిచేసే మా నాయన, కొడుకు చదివితే ఆఫీసరు, చదవకపోతే డ్రైవరు అని ముందుజాగ్రత్తగా రెండు కలలు కని పెట్టుకున్నాడు. కాబట్టి ఆయన కూడా పెద్దగా నష్టపోలేదు.

డ్రైవరు కల నిజం చేసింది మా మేనమామ. ఆయనకో జీపు ఉండేది. ఆయన పెళ్ళికంటే పాతది, మా అత్త మాటల్లో చెప్పాలంటే పెళ్ళాం కంటే ముద్దుది. భద్రాచలం నుంచి చర్ల దాకా తిరిగేది. ఆ రోడ్డు గురించి ఎక్కువ చెప్పను. ప్రతి ఎన్నికలకూ మంజూరయ్యేది, ఫలితాలు రాగానే మళ్ళీ గుంతలైపోయేది. జీపులో ఎంతమంది పడతారని కొత్తవాళ్ళు అడిగేవాళ్ళు. అది అడగాల్సిన ప్రశ్నే కాదు. ఇంకొకరు పడతారా అని అడగాలి, దానికి జవాబు ఎప్పుడూ "అవ్, జర జరుగుండ్రి" అనే. డ్రైవరుకు కుడిపక్కన కూడా ఒక మనిషి కూర్చునేవాడు కాబట్టి, ఆ జీపు నేను నడిపానని చెప్పుకోవడం కంటే అందులో నేను కూడా ప్రయాణం చేశానని చెప్పుకోవడమే న్యాయం. కొత్తగా లైసెన్సు వచ్చిన నా చేతిలో తాళంచెవి పెడుతూ మామ ఒకటే మాట అన్నాడు. "బండికి ఏమన్న అయ్యిందో, అమ్మిపారేస్త. నువ్వు పోయి మిర్చి కోసుకో." మిర్చి కోత మంచి పనే. కోసిన చేత్తో కళ్ళు నలుపుకునే అలవాటు నాకుంది, అదే చిక్కు.

ఇక గేము సంగతి. ఒక దీవి ఉంటుంది. జనం విమానంలోంచి గొడుగులేసుకుని దూకుతారు. దిగినవాళ్ళు దిగినట్టు ఒకరినొకరు కాల్చుకుంటూ పోతారు, చివరికి మిగిలిన జట్టు గెలిచినట్టు. (మా నాయన ఒకసారి నా వెనక నిలబడి చూసి, "గింత కష్టపడి కొట్టుకునే బదులు సర్పంచి ఎలక్షన్ల నిలవడరాదురా" అన్నాడు.) మా జట్టు కెప్టెను కారేపల్లిలో ఒక ఎరువుల కొట్టులో పనిచేసే నా దోస్తు. వాళ్ళ సేటు మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసేవాడు గనుక మా యుద్ధాలన్నీ ఆ వేళకే. సరిగ్గా ఆ వేళకు నా జీపు దుమ్ముగూడెం దాటి అడవి మధ్యలో ఉండేది. ఆ దారి మొత్తంలో సిగ్నల్ వచ్చేది ఒక్కచోటే. గుట్ట పక్క మలుపులో, మనిషంత ఎత్తు బండరాయి దగ్గర. రాయెక్కి చెయ్యెత్తితే ఇంకో గీత అదనం.

సరే, ఏం చేస్తాం? ఒకరోజు ఆ మలుపులో జీపు ఆపి, "ఇంజను వేడైంది, జర సల్లారాలె" అని ప్రకటించి, బానెట్ ఎత్తి, డబ్బాలో నీళ్ళు పోసి, రాయి వెనక కూర్చుని దీవిలోకి దూకాను. ఆట ఊపులో "పొదలల్ల ఇద్దరున్నరు, కాల్చురా!" అని గట్టిగా అరిచాను కూడా. పోలీసు క్యాంపులున్న ఆ రోడ్డు మీద అరవాల్సిన మాట కాదది. ఒంటికి వెళ్ళిన ఇద్దరు పెద్దమనుషులు చేతులు పైకెత్తుకుని పొదల్లోంచి బయటికొచ్చారు. ఆనాటి నుంచి మౌనంగానే చంపడం నేర్చుకున్నాను.

ప్రయాణికులు తిడతారనుకున్నాను. ఒక్కరూ తిట్టలేదు. దిగినవాళ్ళు దిగినట్టే ఫోన్లు తీశారు, అవి టింగు టింగుమన్నాయి, అందరి ముఖాల్లో వెలుగు. రోజూ వచ్చే వాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు ఎండుచేపల అవ్వ. రోజుకో ఊరి సంతలో ఎండుచేపలమ్మేది. ఆమె ఎక్కిందని చూడకుండానే తెలిసేది. ఆమె మనవరాలు పెనుబల్లి దగ్గర హాస్టల్లో ఉండి చదువుకునేది. అన్నం గంట కొట్టాక వార్డెన్ ఫోనులోంచి అవ్వకు చేసేది, అదొక్క వేళే. రెండోవారు వార్తల సారు. చర్ల అవతల బడిలో పంతులు. ఆయనకు మధ్యాహ్నం డ్యూటీ అట, ఎవరు వేశారో నేనడగలేదు. మలుపులో వార్తలన్నీ ఫోనులోకి దింపుకుని, చర్ల చేరేదాకా మాకు చదివి వినిపించేవాడు. పొద్దున ఈ పార్టీలో ఉన్న నాయకుడు సాయంత్రానికి ఏ పార్టీలోకి దూకాడో, ఏ దేశం ఏ దేశం మీద బాంబు వేసిందో అన్నీ ఆయన నోటి నుంచే మాకు తెలిసేవి. "సారూ, ఢిల్లీ ముచ్చట్లు మంచిగ జెప్తవు గని, గీ రోడ్డు ఎప్పుడైతదో గందుల రాసిండ్రా?" అని అవ్వ అడిగేది. "అది వార్త కాదవ్వా, అయితే అప్పుడు వార్త" అనేవాడు సారు.

అలా రోజూ నా జీపు అదే చోట వేడెక్కింది. విచిత్రమేమిటంటే, భద్రాచలం అడ్డాలో వరుసగా ఎన్ని జీపులున్నా అందరికంటే ముందు నాదే నిండేది. వెనక కమ్మీ పట్టుకుని వేలాడడానికి కూడా పోటీ. నా ముఖవర్చస్సు అలాంటిదని అద్దంలో చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

ఈ వేడి సంగతి మామ చెవిన పడింది. రేడియేటరు మార్పించాడు. ఫ్యాను బెల్టు మార్పించాడు. మెకానిక్ బండి కింద పడుకుని, పైకెక్కి, చివరికి చేతులు తుడుచుకుంటూ, "అన్నా, గీ బండికన్న నా ఒళ్ళే ఎక్కువ వేడున్నది" అన్నాడు. అయినా మర్నాడు జీపు మలుపులో ఆగింది. (ఏం చేయను, మా జట్టు గెలుపు మీదుంది.) మామ మంచం మీద కూర్చుని వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాడు.

"మిషిన్ల తప్పులేదు. నడిపెటోనిల తప్పులేదు." (ఇక్కడ నాకు కళ్ళు చెమర్చాయి.) "ఆగుడేమో ఒక్కకాడనే ఆగవట్టె. అంటె?"

"అంటె, మామా?"

"ఆ జాగల ఉన్నదిరా అల్లుడూ. అమ్మవారున్నది."

మర్నాడే వచ్చి బండరాయికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, జీపుకు నిమ్మకాయలు కట్టాడు. నేను భక్తిగా దండం పెట్టుకున్నాను. ఆ రాయి వెనక కూర్చుని నేనెంతమందిని చంపానో రాయికి తెలుసు గనుక, నా దండంలో కల్తీ లేదు. అటుగా పోతున్న ఇతర డ్రైవర్లు చూశారు. ఒకాయన ఊరుకునే మనసురాక తనూ ఆపి కాయ కొట్టాడు. నాలుగు రోజులకు రాయికి గాజులు వచ్చాయి. ఆ తర్వాత ఎర్ర గుడ్డ వచ్చింది. వారం తిరిగేసరికి బస్సు డ్రైవరు కూడా హారన్ కొట్టి దండం పెట్టి పోవడం మొదలుపెట్టాడు. ఇన్ని జరిగినా జీపు మాత్రం వేడవుతూనే ఉంది.

చివరికి మామ తేల్చేశాడు. "అమ్మకు గీ బండి ఇష్టంలేదు. వెంకటాపురంల ఒకాయన అడుగుతుండు, ఇచ్చేద్దం." నాకు మిర్చితోట కళ్ళముందు ఎర్రగా కనిపించింది. కాళ్ళావేళ్ళా పడ్డాను. "సరె, రేపు నేనే ముంగట కూసుంట. మలుపుకాడ ఆగిందా, బండి అటునుంచి అటే వెంకటాపురం పోతది. ఆగలేదా, స్టీరింగు నీదే" అన్నాడు. నా అదృష్టం ఎలాంటిదంటే, ఆ రాత్రే, భద్రాచలంలో ఉండగా, కారేపల్లి కెప్టెను నుంచి ఫోను. "రేపు గెలిస్తె మనం పై ర్యాంకుకు పోతం. రాకపోయినవో, జట్టులకెల్లి నీ పేరు తీసేస్త." దీవికి మనసులోనే వీడ్కోలు చెప్పి పడుకున్నాను. చరిత్రలో మహామహులు రాజ్యాలు వదులుకున్నారట. నేనూ ఒక దీవి వదులుకున్నాను, ఎవరూ రాసుకోలేదు.

మర్నాడు నా ఎడమపక్క మామ, కుడిపక్క వార్తల సారు, సరిగ్గా నా వెనక ఎండుచేపల అవ్వ. దుమ్ముగూడెం దాటాం. మలుపు వచ్చింది. పసుపు రాయి కనిపించింది. పళ్ళు బిగించి యాక్సిలరేటరు తొక్కాను.

"ఓ పోరగా! బండి వేడికాలేదా?" వెనక నుంచి అవ్వ.

"కాలేదవ్వా. మంచిగున్నది."

"గదెట్ల కాదురా? రోజూ అయితదాయె!"

"లేదు లేదు, అవుతుంది," సారు నా చెవి పక్కనే సాక్ష్యం పలికాడు. "నిన్న కూడా బాగా అయింది. పొగ వచ్చినట్టు కూడా నాకు గుర్తు." (ఏనాడూ రాని పొగను చూసిన కళ్ళకు దండం.)

"సారూ, మీకు దండం పెడత, ఊకోండ్రి" అన్నాను నోరు కదపకుండా. మామ నన్నూ, సారునూ, వెనక్కి తిరిగి అవ్వనూ చూశాడు. అప్పటికే జీపంతా టాపు మీద బాదుతోంది. "వేడైంది! వేడైంది! ఆపు!" అని ఒకటే గోల. మా అడవిలో అంత ఐకమత్యం నేను ఏ ఉద్యమంలోనూ చూడలేదు. "నా పిల్ల గంట కొట్టంగనె చేస్తదిరా. ఎత్తకపోతె అన్నం దినదు, ఏడ్సుకుంట కూసుంటది" అంది అవ్వ. నాలో దయ పొంగి బ్రేకు వేశానని రాసుకోవాలని ఉంది గాని, జరిగింది అది కాదు. అవ్వ వెనక నుంచి నా జుట్టు పట్టుకుంది. ఎండుచేపల చెయ్యి. జీపు ఆగింది.

జీపుతోపాటు నా డ్రైవరు ఉద్యోగమూ ఆగిందనుకుంటూ దిగాను. అలవాటు కొద్దీ బానెట్ ఎత్తాను. మామ నెమ్మదిగా దిగి వచ్చి రేడియేటరు మీద అరచెయ్యి పెట్టాడు. కొత్త కుండలా చల్లగా ఉంది. చెయ్యి తీయకుండానే తలెత్తి చూశాడు. వేడైన బండి వైపు ఒక్కడూ చూడటంలేదు. సారు రాయెక్కి ఫోను ఆకాశానికి చూపిస్తున్నాడు. అవ్వ ఒక చెవి మూసుకుని, "తిన్నవా బిడ్డా? ఏం కూర పెట్టిండ్రు? గదేంది, మళ్ళ పప్పేనా?" అని అడవి మొత్తానికి వినిపించేలా మాట్లాడుతోంది. మా జట్టు చచ్చిందని కెప్టెను తిట్లతో నా ఫోనూ టింగుమంటే, మామ దాన్ని ఓరకంట చూశాడు. ఆయన జేబులో ఫోను కూడా మోగింది. అత్త. "చర్లకు పోతిరా, లేకపోతె అమ్మవారి కాడ్నే ఉన్నరా?" అని అడిగింది, నాకు కూడా వినపడింది. మామ నా వైపు చూశాడు. నేను అమ్మవారి వైపు చూశాను. ఆమె గాజులేసుకుని తనకేమీ తెలియనట్టు కూర్చుంది.

ఇంతలో అవ్వ ఫోను పెట్టేసి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ మామ దగ్గరికి వచ్చింది. "నువ్వేనా దీని ఓనరువు? నీ బండి సల్లగుండ. మిగిలిన జీపులోళ్ళు కాళ్ళమీద పడ్డా ఆపరయ్యా. గందుకె ఎంతసేపైన నిలవడి గీ వేడయ్యే జీపే ఎక్కుతం."

నా ముఖవర్చస్సు ఆ క్షణమే రాలిపోయింది. మామ మాత్రం వేలాడుతూ వచ్చినవాళ్ళ నుంచి టాపు మీది వాళ్ళ దాకా అందరినీ నిదానంగా చూసుకుని, సారుతో పాటు రాయెక్కి, వెంకటాపురం ఆయనకు ఫోను చేశాడు. "బండి అమ్ముతలేనే. ఆఁ, మనసు మారింది. ... లేదు లేదు, మంచిగ వేడైతున్నది. గందుకే." రాయి దిగేముందు చెంపలు వేసుకున్నాడు. చర్ల కనిపించాక మెల్లగా, "అల్లుడూ, నీ దోస్తులు గెలిసిండ్రా?" అన్నాడు. గుండె జారి పెడల్ మీద పడింది. "లేదు మామా. నేను దీవిల దిగకముందే మమ్ముల సంపిండ్రు." "ఊఁ. రేపటిసంది ముందుగాల అవ్వ పని, సారు పని. గవి అయినంక మిగిలితె నీ యుద్ధం." కెప్టెను అన్నంత పనీ చేసి నా పేరు తీసేశాడు. స్టీరింగు మాత్రం నాదే.

ఇప్పుడు ఆ గుట్ట మీదే టవరు నిలబెట్టారు. చర్ల దాకా సిగ్నలే సిగ్నలు. రోడ్డు మాత్రం ఇంకా వార్త కాలేదు. అవ్వ సంతలు మానేసి, ఇంట్లోంచే మనవరాలి ముఖం చూస్తూ మాట్లాడుతోంది. మనవరాలు మరీ ఎక్కువసార్లు చేస్తోందని, "నీకేం పని లేదానే, పెట్టెయ్" అని విసుక్కుంటుందట కూడా. అమ్మవారికి రేకుల పందిరి పడింది. వచ్చే పోయే బండ్లన్నీ ఆగి బానెట్ మీద నీళ్ళు చల్లి కాయ కొట్టి పోతాయి. మొన్న ఒక బ్యాటరీ ఆటో వాడు దిగి భక్తిగా ముందు అద్దం మీద నీళ్ళు పోస్తుంటే, నీ దానికి రేడియేటరే లేదు నాయనా అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ తల్లి చరిత్ర అడిగితే చెప్పాల్సింది నేనే కదా.

నాకిప్పుడు సొంత బండి ఉంది, ఏసీది. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే ఫోనుల్లోకి దిగిపోతారు. ఏ దేశం మీద ఎవరు బాంబు వేసినా ఎవరి చెవిలో వాళ్ళే వింటారు, పైకి చదివే సారు లేడు. అయినా మలుపు రాగానే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. బానెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూస్తాను, చల్లగా ఉంటుంది. "వేడైంది, జర సల్లారాలె" అంటాను. ఒక్కరూ దిగరు. వెనక సీట్లోంచి ఎవరో ఫోనులోంచి తల ఎత్తకుండానే, "సల్లార్సుకో అన్నా, ఏసీ మాత్రం బంద్ చెయ్యకు" అంటారు.